గాజుతొట్టిలో సున్నపుతేట

తాంబూలమునకు సున్నము పాళ్లు శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. తక్కువైన నోరు పండదు. ఎక్కువైన నోరు పొక్కును. అమెరికాలోనున్న మా పెద్దవాని యింట ఒక గాజుతొట్టి ముందు కూర్చుండి, ఈ పాఠమునే నేను మరల నేర్చుకొనవలసి వచ్చినది.

అది 400 లీటర్ల ఉప్పునీటి తొట్టి. అందు చేపలు పేరునకు నాలుగే. వాడు ప్రాణముగా పెంచుచున్నవి ప్రవాళములు. మనము ఉంగరమున పొదిగించుకొను ఎఱ్ఱపగడము వేరొక జాతి. ఇవి వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టునవి. (మన దేశమున ఇట్టి రాతిప్రవాళములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్చిరి, కనుక ఇచట వీనిని ఇంట పెంచు తలంపు పెట్టుకొనరాదు.) పూవువలె మెత్తనైన యీ జీవి తన క్రింద రాతిగూడును తానే కట్టుకొనును. ఆ రాయి కాల్షియం కార్బొనేటు, ఆలిచిప్పలోనిదే. సముద్రమునకు ఈ వ్యయ మొక లెక్కలోనిది కాదు. తొట్టికి దినదినగండమే.

సముద్రజలమున లీటరునకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియ ముండును. దానికి జతగా కావలసినది క్షారత్వము, అనగా ముఖ్యముగా బైకార్బొనేటుల నిలువ. తొట్టెలు పెంచువారు దీనిని జర్మను డిగ్రీలలో కొలుతురు. 8 డిగ్రీలున్న చాలును. ప్రవాళము 20 మిల్లీగ్రాముల కాల్షియమును గ్రహించినపుడు క్షారత్వము 2.8 డిగ్రీలు తగ్గును. 410లో 20 పోయినచో ఇంటి పరీక్షలో పట్టుబడుటయే కష్టము, 8లో 2.8 పోయినచో మూడవవంతు పోయినట్లే. కావున కాల్షియము సంగతి తెలియగోరువాడు ముందు క్షారత్వమును చూడవలెను.

నేను చూడలేదు. మావాడు పొరుగూరు వెళ్లుచు తొట్టిని నా కప్పగించెను. కొలిచితిని, కాల్షియము 350 వచ్చినది. ముప్పది యేండ్లు రసాయనశాస్త్రము చెప్పినవాడను, నా కొకరు చెప్పవలెనా యని కాల్షియం క్లోరైడును కరగించి ఒక్కసారిగా పోసితిని. పావుగంట గడువకమునుపే సోడియం కార్బొనేటు నీటిని గూడ పోసితిని. ఏటేట పరీక్షనాళికలో పిల్లలకు చూపిన ప్రయోగమే అది! తొట్టినీరు బియ్యపుకడుగు వలె తెల్లబడినది. నేను పోసినదానితోపాటు అంతకుమున్నున్నదియు కొంత సున్నపురాయియై అడుగునకు దిగినది. తెల్లవారునప్పటికి పంపునకు, హీటరునకు తెల్లని పెచ్చు కట్టియుండెను. మూడవనాడు ఒక కొమ్మల ప్రవాళము మొదటినుండి కండ ఊడి ఎముకవలె తేలినది. ఆరేండ్లు పెంచినది.

టెలిఫోనులో మావాడు కోపపడలేదు. "నాన్నగారూ, మెగ్నీషియము ఎంత యున్నది?" అని మాత్ర మడిగెను. చూడగా 1,300 ఉండవలసినచోట 1,100 మాత్రమే యున్నది. కార్బొనేటు స్ఫటికము పెరుగుచుండగా మెగ్నీషియము దానిని పట్టుకొని ఎదుగనీయదు. ఆ కావలి సడలినచోట నావంటి తొందరపాటు మఱింత చెఱుపు చేయును.

పిమ్మట వాడు నేర్పినది సున్నపుతేట పద్ధతి. 1970 దశకమున పీటర్ విల్కెన్స్ దీనిని ప్రచారము చేసెను. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడును (తాంబూలపు సున్నము పనికిరాదు) లీటరు మంచినీటికి గ్రామున్నర చొప్పున కలిపి, మూతపెట్టి, తేరనిచ్చి, పైతేటను మాత్రమే గ్రహింపవలెను. మూత లేనిచో గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి మీగడ కట్టును. సున్నపుబరిణెలో మనము చూచునదే. ఈ తేటలో కాల్షియమును క్షారత్వమును ప్రవాళము వాడుకొను పాళ్లలోనే యుండుట దీని గొప్ప. ఆవిరియైపోవు నీటికి బదులుగా దినమునకు నాలుగు లీటర్ల తేట పోసినచో, ఆ తొట్టిలో లీటరునకు ఎనిమిది మిల్లీగ్రాముల కాల్షియము చేరును. తీవ్రమైన క్షారము గనుక బొట్టుబొట్టుగా, రాత్రివేళ విడువవలెను. చీకటిలో నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుట మానును, నీటి క్షారగుణము కొంత తగ్గియుండును.

చచ్చిన కొమ్మకు కొనయందు రెండంగుళముల మేర ప్రాణ మింకను మిగిలియుండెను. మావాడు తిరిగివచ్చి, దానిని విఱిచి, వేరొక రాతిపై అంటించెను. నేను ప్రతిరాత్రి పడుకొనబోవుటకు ముందు సున్నపుతేట బొట్లు లెక్కించి వచ్చుచుంటిని. నేను బయలుదేరునాటికి దాని అడుగు రాతిపైకి గోరంత ప్రాకినది.