విన్సన్ కొండ 248 మీటర్లు ఎందుకు తగ్గింది?

ఈ రోజు టాపిక్ అంటార్కిటికాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, విన్సన్. దీని ఎత్తు పాత పుస్తకాల్లో చూస్తే 5,140 మీటర్లు. ఇప్పుడు చూస్తే 4,892. మరి ఆ 248 మీటర్లు ఏమయ్యాయి? మంచు కరిగిందా? కాదండీ. కొండ అలాగే ఉంది, మన కొలత మారింది.

మొదటి నుంచి చెప్తాను. 1935 నవంబర్ 23న లింకన్ ఎల్స్‌వర్త్ అనే అమెరికన్, పైలట్ హెర్బర్ట్ హోలిక్-కెన్యన్‌తో కలిసి చిన్న విమానంలో అంటార్కిటికాని దాటడానికి బయలుదేరాడు. దారిలో ఏ మ్యాపులోనూ లేని పర్వతాలు కనిపించాయి. మంచు మైదానంలో కాపలా కాస్తున్నట్టు నిలబడ్డ ఆ శ్రేణికి సెంటినెల్ అని పేరు పెట్టాడు. కానీ అందులో అతి ఎత్తైన విన్సన్ మాత్రం ఆయన కంటపడలేదు! అది 1958 జనవరిలో అమెరికా నేవీ విమానాలకి దొరికింది. కార్ల్ విన్సన్ అనే కాంగ్రెస్ సభ్యుడి పేరు పెట్టారు.

సరే, కనిపించింది. ఎత్తు ఎలా కొలవాలి? టెన్త్ క్లాస్‌లో చేశాం కదా, దూరం ఇంత, కోణం ఇంత, టవర్ ఎత్తెంత అని. అదే లెక్క. కానీ కొండ 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే, కోణంలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా ఎత్తులో దాదాపు 350 మీటర్లు తేడా వస్తుంది. ఇంకో చిక్కు ఉంది. ఎత్తు అంటే సముద్రమట్టం నుంచి కదా. మీరు నిలబడిందే మందపాటి మంచు మీద. ఆ మంచు ఎంత ఎత్తులో ఉందో ముందు తెలియాలి. అక్కడ తప్పు పోతే, ఆ తప్పు కొండ మీదికి కూడా ఎక్కేస్తుంది.

తొలి లెక్క 5,140. అమెరికా జియలాజికల్ సర్వే 1979-80 సీజన్‌లో మళ్లీ సర్వే చేస్తే 4,897 వచ్చింది. 2004లో ఒక టీమ్ జీపీఎస్ రిసీవర్‌ని శిఖరం మీదికే మోసుకెళ్లి కొలిచింది. 4,892.

దీంతో ఎవరికేం నష్టం అంటారా? ఆ శ్రేణిలోనే టైరీ అనే ఇంకో శిఖరం ఉంది, ఎత్తు 4,852. రెండింటికీ తేడా 40 మీటర్లే! కొలతలో తప్పేమో 248. అంటే ఏది ఎత్తైనదో కూడా తారుమారయ్యే ప్రమాదం ఉందన్నమాట. 1966 డిసెంబర్‌లో నికొలస్ క్లించ్ టీమ్ మొదటిసారి విన్సన్ ఎక్కినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఆ పాత అంకెలే. లక్కీగా కొండ మాత్రం కరెక్టే.

మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు గారు తెలుసు కదా. 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కారు. అందులో మొదటిది విన్సనే, 2006 జనవరిలో. అప్పటికి ఆ శిఖరానికి విడిగా పేరు కూడా లేదు. దాదాపు 21 కిలోమీటర్ల పొడవున్న ఆ కొండ మొత్తాన్నీ విన్సన్ మాసిఫ్ అనేవారు. అదే ఏడాది నవంబర్‌లో శిఖరానికి మౌంట్ విన్సన్ అని పేరు ఖరారైంది. మ్యాపు పూర్తి కాకముందే మన తెలుగాయన పైదాకా వెళ్లొచ్చాడు!

నేను జాబ్ చేసేటప్పుడు ఒకసారి కోడ్‌లో ఒక నంబర్ పెట్టి, అది ఎక్కడి నుంచి తెచ్చానో కామెంట్ రాయలేదు. తర్వాత బగ్ వస్తే వెతకడానికి రెండు రోజులు పట్టింది. మ్యాపు కూడా అంతేనండీ. ఈసారి ఎక్కడైనా ఒక ఎత్తు కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయండి. ఎప్పుడు కొలిచారు? ఎలా కొలిచారు? మీ ఊరి కొండ ఎత్తు మీకు తెలిస్తే, ఆ రెండు జవాబులతో సహా కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.