నీరు పైనుంచి కాదు, లోపలినుంచే
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ఇంజనీర్స్‌లో పనిచేసి నాయబ్ సుబేదారుగా రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన ఇంటికప్పుల గురించే నాలుగు మాటలు చెబుతాను.

1996 జనవరిలో లేహ్ దగ్గర ఉన్నాం. 11,000 అడుగుల పైమాటే. రోజూ పొద్దెక్కేసరికి బ్యారక్ సీలింగులోంచి నీళ్ళు కారి పరుపులు తడిసేవి. రేకులకు చిల్లులు పడ్డాయనుకుని పైకెక్కి బోల్టులు బిగించాం, తారు పూశాం. లాభం లేదు. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట, మబ్బు తునక లేని రోజున కప్పు ఎలా కారుతుంది? ఒక తెల్లవారుజామున టార్చి పట్టుకుని సీలింగు పైన అటకలోకి దూరాను. రేకుల అడుగంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది!

ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసి చూడండి, అడుగున నీటి బొట్లుంటాయి. ఇదీ అంతే. నిద్రపోయే మనిషి ఊపిరిలోంచి, ఒంట్లోంచి గంటకు సుమారు 40 గ్రాముల నీరు ఆవిరవుతుంది. పదిమంది ఎనిమిది గంటలు పడుకుంటే మూడు లీటర్లు. బుఖారీ మీద మరిగే నీళ్ళు, లోపల ఆరేసిన బట్టలు అదనం. ఆ ఆవిరి సీలింగు సందుల్లోంచి పైకి పోయి, చల్లటి రేకుకు తగిలి మంచవుతుంది. ఎండెక్కితే కరిగి మన నెత్తినే పడుతుంది.

అసలు తప్పు మాదే. చలిగాలి వస్తోందని కుర్రాళ్ళు వెంటిలేటర్లలో గోనెపట్టాలు కుక్కారు. నేను చూసీ ఊరుకున్నాను. ఒకరోజు పొద్దున ఇద్దరు లేవలేదు. బయటికి మోసుకొచ్చాం. బుఖారీ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అన్నారు డాక్టరుగారు. రంగూ వాసనా లేని విషం. ఇద్దరూ బతికారు గనక ఈరోజు మీ ముందు నిలబడి చెప్పగలుగుతున్నాను. వెంటిలేటరు మూస్తే తేమా లోపలే, విషమూ లోపలే.

ఆ రోజే గోనెలు పీకేశాం. బుఖారీ గొట్టం శుభ్రం చేసి అతుకులు సరిచేశాం. సీలింగులో గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని ఇనుప రేకుతో మూశాం. అక్కడ గుడ్డ, థర్మోకోల్ పెడితే నిప్పంటుకుంటుంది. మిగతా సందులు కిందినుంచి పూడ్చి, అటక తలుపు అంచులకు నమదా అతికించాం. అటకకు రెండు చివరలా గాలి కన్నాలు తెరిచాం. బట్టలు బయట ఆరేయించాం. కొద్దిరోజుల్లోనే కారడం ఆగింది.

మన పిల్లలు చాలామంది అమెరికా, కెనడాల్లో ఇళ్ళు కొనుక్కున్నారు. అక్కడి అటకల్లో మంచు పట్టడానికీ ఇదే కారణం. బాత్‌రూమ్ ఫ్యాను గొట్టం అటకలోనే ఆగిపోకుండా ఇంటి బయటిదాకా పోయిందో లేదో చూసుకోమనండి. బుఖారీ ముందు కూర్చునే కుర్రాళ్ళకు మాత్రం నాదొకటే మాట: చలికి ఇంకో కంబళి కప్పుకోండి, వెంటిలేటరు మాత్రం మూయకండి.

సెలవు. జై హింద్.