వెన్నుదెబ్బయు వ్యాయామమును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు వెన్నెముకను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన సీమకిది దూరపు సంగతి కాదు. తాటిచెట్టు నుండి జారిపడిన గీతకార్మికుడు, మిరప టిక్కీలు లారీకెత్తుచు కాలు తప్పిన ముఠా కూలి, ప్రత్తిబండి మీదినుండి దొర్లినవాడు, గట్టుమీద ట్రాక్టరు తిరుగబడి నలిగిన రైతుబిడ్డ, ఇట్టివారి నెరుగని గ్రామము గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అరుదు. వారిని జూచి మనమాడు మాట యొక్కటే: "నడుము పడిపోయినది, ఇక మంచమే గతి." ఆ మాట సరికాదని చెప్పుటకే నేడిక్కడ నిలిచితిని.

వెన్నుపూసల నడుమ మెదడునుండి దిగివచ్చు నరముల త్రాడు కలదు. దానిని వెన్నుపాము అందురు. పూస విరిగినను అతుకుకొనును. వెన్నుపాము పూర్తిగా తెగినచో దానినతికించుట నేటి వైద్యమునకు సైతము సాధ్యము కాలేదు. నలిగినది మాత్రమే యైనచో కొంత చలనము తిరిగి వచ్చుట కలదు. మెడకడ దెబ్బ తగిలిన చేతులును చచ్చుబడును. నడుముకడ తగిలిన కాళ్లు పోయి చేతులు నిలుచును. ఆ నిలిచిన చేతులకు కాళ్ల పని నేర్పుటయే ఈ వ్యాయామము.

మన పురాణములలో అరుణునకు తొడలు లేవు. అందుచేతనే ఆతడు అనూరుడు. అయినను సూర్యుని రథము తోలువాడాతడే. దేవతలు ఆతనికి పగ్గములిచ్చిరి గాని మంచమియ్యలేదు.

మొదటి ప్రపంచయుద్ధమున వెన్నుదెబ్బ తిన్న సైనికులలో అత్యధికులు కొలది వారములలోనో నెలలలోనో మరణించిరి. వారిలో పెక్కుమందిని చంపినవి పడకపుండ్లు, మూత్రకోశమున పుట్టిన విషము. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ వైద్యశాలలో, హిట్లరు జర్మనీని విడిచివచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ వీరి కొరకు ప్రత్యేక విభాగమును ప్రారంభించెను. రేయింబవళ్లు రెండేసి గంటలకొకసారి రోగిని ప్రక్క మార్పించెను. పిదప బంతి విసరుట, విల్లు పట్టుట నేర్పించెను. వింటికి కావలసినవి భుజబలము, మొండెమునకు నిలుకడ. కాళ్లతో దానికి పనిలేదు. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైన దినముననే, చక్రముల కుర్చీలలో కూర్చున్న 16 మంది విలువిద్యలో పోటీపడిరి. 1960లో రోమునగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలకు అదియే మూలము.

ఇంగ్లండు మాట యటుండనిండు. పెద్దజబ్బు చేసిన మనవారు వేలూరు పోవుట పాత అలవాటు. ఆ వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో వైద్యురాలైన మేరీ వర్గీస్ అను కేరళ యువతికి 1954లో కారు ప్రమాదమున వెన్ను విరిగి, నడుము క్రింది భాగము చచ్చుబడెను. ఆమె కుర్చీలో కూర్చుండియే, కుష్ఠువ్యాధిచే వంకరవోయిన చేతులకు శస్త్రచికిత్స చేయ నేర్చెను. పిమ్మట ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునకేగి తన దేహమునకు సాధన చేయించుకొనెను. న్యూయార్కులో ఆ శాస్త్రమునే అభ్యసించి మరలివచ్చి వేలూరులో పునరావాస వైద్యవిభాగమును నడపెను. 1966లో అచ్చట రోగులుండి సాధన చేయు కేంద్రము వెలసినది. 1972లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. నా మట్టుకు బిరుదము కంటె, కదలలేని వైద్యురాలిని జూచి ధైర్యము తెచ్చుకొన్న రోగులే గొప్ప.

అదే 1972లో మురళీకాంత్ పేట్కర్, 1965 యుద్ధమున గుండు దెబ్బలు తిని కాళ్లు చచ్చుబడిన సైనికుడు, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణపతకము గెలిచెను. చికిత్సగా మొదలిడిన ఈత అది.

ఇక సాధన సంగతి. తొలిపాఠము, కుర్చీచేతులపై అరచేతులానించి పిరుదులను పైకెత్తుట. పావుగంటకో అరగంటకో యొకసారి ఇట్లు చేయవలెను. పడకపుండ్లకిదే అడ్డు, భుజములకిదే సాము. ఇసుక నింపిన సీసాలు బరువులుగా చాలును, బజారు సామాను అక్కరలేదు. పిదప మంచము నుండి కుర్చీకి తానై జరుగుట. కదలని కీళ్లను ఇంటివారు ప్రతిదినము మెల్లగా మడచి చాచవలెను, లేనిచో బిగిసిపోవును. వైద్యుడు అనుమతించినచో ఇనుప కమ్ముల తొడుగులు ధరించి జంటకమ్ముల నడుమ నిలువవచ్చును. స్పర్శ లేని కాళ్లకు కాపడము పెట్టుట మాత్రము మానుడు. చర్మము కాలినను రోగికి తెలియదు.

దెబ్బ రొమ్ముకడనో అంతకు పైననో తగిలినవానికి దాని క్రింది దేహమున చెమట సరిగా పట్టదు. రెంటచింతల ఎండలు మనమెరుగనివి కావు. వేసవిలో అట్టివాడు తెల్లవారకమున్నే సాధన ముగింపవలెను. అట్టివానికి హఠాత్తుగా తల పగులునట్లు నొప్పి, ముఖమున చెమట కలిగినచో నిటారుగా కూర్చుండబెట్టి, మూత్రపు గొట్టము మడతపడెనేమో చూచి, వెంటనే వైద్యుని పిలువవలెను.

చెట్టుక్రింద పడినవానిని చంకలలో చేతులు వేసి లేవనెత్తి ఆటోలో కుదేయుట మనవారి తొందర. అది దెబ్బను రెట్టించును. కదలనీయక 108కి కబురంపుడు. తప్పనిసరియైనచో నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు తలుపురెక్కపై చేర్పుడు.

ఇన్నియు నేర్చి చేతులతో బండి త్రోసికొనుచు బజారునకు వచ్చినవాడు ఎచ్చటికి పోవలెను? మన గ్రంథాలయమునకు 5 మెట్లు కలవు, ఒక్కొక్కటి అరయడుగు. ప్రజలు వచ్చు భవనములలో ఇట్టివారికి దారి యుండవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది. లెక్కలు వ్రాయువాడను గనుక కొలత వేసితిని. అడుగు ఎత్తునకు 12 అడుగుల వాలు కావలెను. మన రెండున్నర అడుగులకు 30 అడుగులు. ముంగిట అంత తావు లేదు. తూర్పు గోడ వెంబడి ఒక మలుపు త్రిప్పి, మలుపుకడ బండి తిరుగునంత చదును విడిచి, ప్రక్కన చేతికమ్మి వేసిన చాలును. రజతోత్సవపు చందాలలో మిగులెంతయో కోశాధికారిగారు ఇంకను ప్రకటింపలేదు. ప్రకటింపక మునుపే నా కోరిక సభ ముందుంచుచున్నాను.