ఒక కన్ను పోతే మెదడుకు పడే పని

(మాండవిలో జరిగిన జిన్నింగు, ప్రెస్సింగు మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు సంగతి అధ్యక్షులవారు వివరంగా చెప్పారు. నేను వేరే విషయం మాట్లాడతాను. ఈ పత్తి సీజనులో మన సభ్యుడొకతనికి మిల్లులో దెబ్బ తగిలి కుడికంటి చూపు పోయింది. ఆ అబ్బాయి ఇక్కడే కూర్చున్నాడు, పేరు చెప్పను. అతనితో యాజమాన్యం రెండే మాటలు చెప్పింది. వచ్చే సోమవారం నుంచి పాత మిషను మీదికే రావాలి, లేదా లెక్క తీసుకొని వెళ్ళిపోవాలి. ఈ రెండూ ఎందుకు తప్పో నాకు తెలిసినంతలో చెబుతాను.

నా ఎడమకన్ను సంగతి మీలో చాలామందికి తెలుసు. 1997లో ఒక మిల్లులో బేలుకు బిగిస్తున్న ఇనుప పట్టీ తెగి కంటికి కొట్టింది. మిల్లు పేరు ఇప్పుడు అనవసరం. పదిహేనో రోజున ముకద్దం కబురు పెట్టాడు. "ఇంకో కన్ను ఉంది కదా, ఇంట్లో కూర్చుంటే ఎట్లా?" అన్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, వెళ్ళాను. రోలరు జిన్ను దగ్గర నిలబెట్టారు. రోలరు ఇంకా జానెడు దూరం ఉందనుకొని చెయ్యి పెట్టాను. అది బెత్తెడు దూరం కూడా లేదు. వేలి గోరు ఊడింది, చెయ్యి దక్కింది. ఆ సాయంత్రమే "నువ్వు పనికిరావు" అని తీసేశారు.

అప్పుడు నా వేలు నాకే ఎందుకు అందలేదో తెలియలేదు. చూపున్న కన్ను బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. గోడ మీది క్యాలెండరు తేదీలు చదివేవాణ్ణి. కాని మా ఇంటామె టీ గ్లాసు అందిస్తే చెయ్యి గ్లాసుకు ఇవతలే మూసుకునేది.

మీరే ఒకసారి చేసి చూడండి. పక్కవారిని వేలు నిలబెట్టి పట్టుకోమనండి. మీరు ఒక కన్ను మూసి, పక్కనుంచి మీ వేలు తెచ్చి ఆ వేలి కొనకు తాకించండి. చూశారా, చాలామందికి తప్పింది. మన రెండు కళ్ళ మధ్య ఆరు సెంటీమీటర్ల చిల్లర దూరం ఉంటుంది. అందువల్ల ఒకే వస్తువు రెండు కళ్ళకు కొద్ది తేడాతో కనబడుతుంది. ఆ తేడాను బట్టి మెదడు దూరం లెక్క కడుతుంది. ఒక బొమ్మే వస్తే ఆ లెక్క కుదరదు. పైగా పోయిన కంటివైపు చివర సుమారు 30 డిగ్రీల మేర ఏమీ కనబడదు. ముక్కు అడ్డం గనుక రెండో కన్ను అటు చూడలేదు.

ఇక మెదడు లోపలి సంగతి. ప్రతి కంటి నుంచి పది లక్షలకు పైగా సన్నని నరపు పోగులు మెదడుకు వెళతాయి. దారిలో వాటిలో సుమారు సగం అటువైపు దాటుతాయి. అంటే ఒక్కొక్క కన్ను మెదడు రెండు భాగాలకూ కబురు పంపుతుంది. తల వెనుక భాగంలో చూపుకు సంబంధించిన చోటు ఉంది. అక్కడ ఎడమకంటి వరుస ఒకటి, కుడికంటి వరుస ఒకటి పక్కపక్కనే ఉంటాయి. మగ్గం మీద రెండు రంగుల పడుగు పోసినట్టు అనుకోండి. ఒక్కొక్క చార వెడల్పు మిల్లీమీటరుకు కాస్త తక్కువ.

ఒక కన్ను పోతే ఆ రంగు చారలకు పని ఆగిపోతుంది. ఇది ఊహ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ హార్టన్, ఆయన తోటివారు బతికుండగా ఒక కన్ను కోల్పోయినవారి మెదళ్ళను, వారు చనిపోయాక పరీక్షించి 2007లో ప్రచురించారు. పని చేసే కణాలకు ముదురు రంగు పట్టే మందు వేస్తే, ఉన్న కంటి చారలు ముదురుగా, పోయిన కంటి చారలు వెలవెలబోయి కనబడ్డాయి. ఆ కణాలు చచ్చిపోలేదు. ముడిసరుకు రాక ఆగిన మిషన్ల మాదిరి ఉన్నాయి.

ఆగిన మిషను ఎప్పటికీ ఆగే ఉంటుందా? బెల్జియంలో లూవెన్ శాస్త్రవేత్తలు పెద్ద ఎలుకల మీద చేసిన పని 2011లో బయటికి వచ్చింది. ఒక కన్ను తీసేసిన తరువాత మూగబోయిన మెదడు భాగం ఏడు వారాల్లో చాలావరకు మళ్ళీ కదిలింది. మొదట ఉన్న కన్ను కొంత చోటు వాడుకుంది. ఆ తరువాత మీసాల స్పర్శ కూడా అక్కడికి చేరింది. ఎలుకకు జరిగినదంతా మనిషికి అట్లాగే జరుగుతుందని నేను చెప్పను. కాని పెద్దవయసు మెదడు కూడా కొత్త పని నేర్వగలదని తెలుస్తోంది.

మనిషి నేర్చుకునే తీరు నాకు అనుభవమే. తల కొద్దిగా అటూ ఇటూ కదిపితే దగ్గరి వస్తువు ఎక్కువ జరిగినట్టు, దూరపుది తక్కువ జరిగినట్టు కనబడుతుంది. నీడ ఎక్కడ పడింది, ఏది దేనికి అడ్డం వచ్చింది, తెలిసిన వస్తువు ఎంత చిన్నదిగా కనబడుతోంది, ఇవన్నీ మెదడు లెక్కలోకి తీసుకుంటుంది. నాకు అయిదారు నెలలు పట్టింది. ఒకరోజు టీ గ్లాసు చక్కగా చేతికి వచ్చింది. మా ఇంటామె చూసి నవ్వింది. కాని అప్పటికి "ఒంటికన్నువాడు" అని ఏ మిల్లూ నన్ను తీసుకోలేదు. చెయ్యి కుదరనప్పుడు మిషను దగ్గర నిలబెట్టారు, కుదిరిన తరువాత గేటు బయట నిలబెట్టారు.

పటౌడీని పెద్దవాళ్ళు ఎరుగుదురు. మన హైదరాబాదు జట్టుకు జయసింహ నాయకత్వంలో రంజీ ఆడినాయన. 1961 జూలైలో ఇంగ్లండులో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది. జగ్గు నుంచి గ్లాసులోకి నీళ్ళు పోస్తే బల్ల మీద పడేవని ఆయనే రాసుకున్నాడు. నా టీ గ్లాసు కథే. ఆ డిసెంబరులో మొదటి టెస్టు ఆడాడు, 1962 జనవరిలో మద్రాసులో 103 పరుగులు చేశాడు. అయితే ఆయన నెట్సులో ఎన్నో గంటలు సాధన చేశాడు. అక్కడ బంతి తప్పితే వికెట్టు పోతుంది. మన రోలరు దగ్గర తప్పితే చెయ్యి పోతుంది. మనకు ఆ సాధన చేసుకునే సమయం కావాలి.

పిల్లల సంగతి వేరు, తల్లులు గమనించాలి. పుట్టిన కొద్ది రోజుల పిల్లి కూనలకు ఒక కంటి రెప్ప కుట్టి, కొన్ని నెలల తరువాత విప్పి చూశారు హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. కన్ను బాగానే ఉంది, మెదడులో దాని చోటు మాత్రం రెండో కన్ను ఆక్రమించింది. పెద్ద పిల్లులకు అట్లా జరగలేదు. వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. అంచేత పసిబిడ్డకు మెల్లకన్ను ఉన్నా, కంటిలో తెల్లని పొర కనబడినా "పెద్దయితే పోతుందిలే" అనవద్దు. వెంటనే చూపించాలి. సరిహద్దు అవతల మన ముథోల్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996లోనే గ్రామీణ కంటి ఆసుపత్రి పెట్టింది.

కన్ను పోయినవారికి రెండు జాగ్రత్తలు. పోయిన కంటివైపు మెరుపులు, ఆకారాలు కనబడవచ్చు. కబురు అందని మెదడు తనంతట తాను కదలడం వల్ల అట్లా అవుతుంది. అది పిచ్చి కాదు, గాలి సోకడమూ కాదు. ఇక ఉన్న కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, మసకబారినా, మెరుపులు కనబడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. దెబ్బ తగిలిన కంటి వల్ల మంచి కన్ను కూడా వాచే జబ్బు ఒకటుంది. అది అరుదు, కాని ఆలస్యం చేస్తే చూపు పోతుంది.

చట్టం ఏమంటుంది? 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టికలో, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పూర్తిగా పోతే 40 శాతం, గుడ్డు ఉండి చూపు మాత్రమే పోతే 30 శాతం సంపాదన శక్తి నష్టంగా రాశారు. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఆ పట్టిక వచ్చింది. 30 శాతం నష్టమంటే 70 శాతం మిగిలి ఉందని చట్టమే ఒప్పుకుంటున్నది. అట్లాంటప్పుడు మనిషిని మొత్తంగా తీసెయ్యడం ఏ లెక్క?

కనుక మనం అడిగేవి ఇవి. ఆ అబ్బాయికి ఆరు నెలలు రోలరు, బెల్టు, నిచ్చెన, లోడింగు పనులు వద్దు. తూకం దగ్గరో, గోదాములోనో పూర్తి కూలితో పని ఇవ్వాలి. తరువాత డాక్టరు చూసి సరేనంటే పాత పనికి తీసుకోవాలి, అదీ కుడివైపు గోడ ఉండే చోట. మెట్ల అంచులకు, బెల్టు కంచెలకు పసుపు రంగు వెయ్యాలి. ప్రెస్సు దగ్గర అందరికీ కళ్ళజోడు ఇవ్వాలి. ఇచ్చిన కళ్ళజోడు నుదుటి మీదికి జరపకుండా పెట్టుకోవడం మన బాధ్యత.

సోమవారం ఆ అబ్బాయితో కలిసి నేను ఆఫీసుకు వెళుతున్నాను. లెక్క కాగితం మీద అతను సంతకం పెట్టడు. ఆ ఉదయం పదిమందైనా గేటు దగ్గరికి రండి. అతనికి కుడివైపు నిలబడండి, అటు అతనికి కనబడదు.

సెలవు.