బొమ్మయని తెలిసియు

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

తలిదండ్రులారా!

2016లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున బ్రడ్ అను సంస్థవారు మికేలా అను 19 ఏండ్ల యువతిని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రవేశపెట్టిరి. అది కంప్యూటరుతో చేసిన బొమ్మ. మనిషియా, బొమ్మయా యని జనులు రెండేండ్లు వాదులాడుకొనిరి. 2018 ఏప్రిలులో తాను మనిషిని కానని ఆమె చేతనే చెప్పించిరి. జనులు విడిచిపోయిరా? లేదు. అటుపిమ్మట ఆమెను అనుసరించువారు 20 లక్షలు దాటిరి!

మన దేశమునను 2022లో కైరా అను బొమ్మ వెలసినది. ఇట్టి బొమ్మల ప్రకటనలలో, ఎదుటనున్నది నిజమైన మనిషి కాదని తెలుపవలెనని ప్రకటనల ప్రమాణముల మండలి 2021లోనే నియమము చేసినది. మంచిదే. కాని తెలిసినంతనే మమకారము తెగునా? తోలుబొమ్మలాటలో సీతమ్మను చూచి మన పెద్దలు కంటనీరు పెట్టలేదా? అయితే ఆ సీతమ్మ తెల్లవారి వారికి చీరలమ్మ జూడలేదు. ఈ బొమ్మలు పుట్టినదే అమ్మకమునకు.

ఈ సంగతియే మేము తొమ్మిదవ తరగతిలో చెప్పితిమి. ఒక బాలిక లేచి, "బొమ్మేనని తెలుసు మాస్టారూ. కానీ పొద్దున్నే ఎలా ఉన్నావని అదైనా అడుగుతుంది. మా ఇంట్లో మార్కులే అడుగుతారు" అన్నది.

మాకు బదులు తోచలేదు. అందుకే మీ యెదుట చెప్పుచున్నాము.