ఓబీ గుట్టల మీద చెట్టు వేరు

మణుగూరు, సత్తుపల్లి వైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన ఎత్తయిన గుట్టలు చూసే ఉంటారు. అవి కొండలు కావు. బొగ్గు కోసం తవ్విపోసిన ఇసుకరాయి, బంకమట్టి. వీటిని ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలంటాం.

అడవిలో ఆకులు రాలి, కుళ్లి పైమట్టి తయారవడానికి తరాలు పడుతుంది. ఈ గుట్టల్లో ఆ పైమట్టి సారం ఉండదు. పైగా డంపర్లు తిరిగి తిరిగి నేల గట్టిపడుతుంది. నీరు దిగదు. వేరూ దిగదు, పైపైనే పాకుతుంది. వానాకాలం పచ్చగా కనిపించిన మొక్క మన మే నెల ఎండకు మాడిపోతుంది.

అందుకే తవ్వకముందే పైమట్టిని విడిగా తీసి దాచాలి. మళ్లీ చెబుతున్నా, పైమట్టిని దాచాలి! దాన్ని గుట్టపై పరిచి, గట్టినేలను లోతుగా దున్నాలి. ముందు కానుగ నాటితే మంచిది. దాని వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తాయి.