పచ్చని ఇంట చదువు వెలుగు



తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాలలో వేసవి తాపం 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. అందుచేత గోడలకు తీగలను, మిద్దెపై తోటను పెంచి ఇంటిని చల్లబరచుకొనుట మేలైన పనియే. అయితే ఎండను ఆపు ఆకు వెలుగును కూడ ఆపుతుంది. ఎరుపు, నీలి కిరణాలను అధికంగా తాను గ్రహించి, లోనికి కొద్దిపాటి పచ్చని కాంతిని మాత్రమే విడుస్తుంది. ఆ నీడలో పాఠం చదువు బాలునకు, పత్రిక చదువు తాతగారికి వెలుగు ఎక్కడిది?

ఇరువది ఏండ్ల వారితో పోల్చినచో, అరువది ఏండ్ల వారి కంటి లోపలి పొరకు చేరే వెలుగు ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నాటి నుండి ఇక్కడి తెలుగునకు ఇల్లే ప్రధానమైన ఆశ్రయం. తాతగారి అక్షరం మనుమనికి అందవలెనన్నచో ఆ ఇరువురి నడుమ వెలుగు ఉండవలె.

ఈ ప్రాంతం సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. నడివేసవిలో మధ్యాహ్న సూర్యుడు కొంత ఉత్తరానికి వాలినను, దాదాపు నడినెత్తిననే ఉంటాడు; ఉత్తరపు కిటికీకి చిన్న చూరు చాలును. పడమటి ఎండ మాత్రం ఏటవాలుగా లోనికి చొచ్చుకొని వస్తుంది. కావున తీగల పందిరిని పడమటి గోడకు జానెడు ఎడంగా నిలిపి, ఉత్తరపు కిటికీని తెరపిగా విడువవలె. కిటికీ పైఅంచు ఎంత ఎత్తున ఉన్నచో వెలుగు అంత లోతునకు చేరుతుంది. లోపలి గోడల తెల్లసున్నం దానిని గదియంతటా పంచుతుంది.

మన పూర్వుల మండువా లోగిలి చేసినది ఇదే. 2004లో హైదరాబాదున ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ కూడ మిద్దెతోటతో పాటు నడిమి ముంగిలిని, జాలీ గోడలను ఆశ్రయించింది.

ఇక రాత్రి దీపం. పాత 60 వాట్ల బల్బు వెలుగును నేడు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమే ఇస్తుంది. కాని కప్పున ఒక్క దీపం వెనుక నుండి వెలిగినచో తల నీడ పుస్తకంపై పడుతుంది. కుడిచేతితో వ్రాయు వారికి ఎడమవైపున వేరొక దీపం కావలె. మొక్కల నడుమ దీపాలు తడి చొరనివై, క్రిందికి వంగినవై, పసుపు ఛాయతో ఉండవలె. నీలి తెలుపు కాంతి పురుగులను మిక్కిలిగా రప్పిస్తుంది. పని ముగియగానే వాటిని ఆర్పవలె. మొక్కకు కూడ చీకటి అవసరమే.

1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మించిన తిరుత్తణిలో ఇంటి అందానికి కొలత వెలుపలి పచ్చదనం ఒక్కటే కారాదు. లోపల తెరచిన పుస్తకంలోని అక్షరం స్పష్టంగా కనబడుట అసలైన కొలత.